బందరు రేవున కంపెనీల పోరు

బందరు పట్టణమున నేటికిని వలందపాలెమను పేట కలదు, ఇంగ్లీషుపాలెము కలదు, పరాసుపేట కలదు. వలందులనగా హాలెండు దేశపు డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. ఆ వీథులలో నడచువారికి ఇవి కేవలము పేటల పేర్లు. చరిత్ర నెరిగినవారికి మాత్రము ఇవి మూడు మహాసంస్థల విలాసములు. అంతకుముందు లోకమెన్నడును చూడనంతటి వర్తక సంస్థలు ఒకే రేవున, ఒకే సరకు కొరకు, నూటయేబది సంవత్సరములు పెనుగులాడిన గుర్తులు.

గూగుల్, ఆపిల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ మొదలగు సాంకేతిక సంస్థల పోటీని గూర్చిన వార్తలు నేడు నిత్యమును వెలువడుచున్నవి. ఒక సంస్థ వేరొకదానిని మించుట, మించినది తక్కినవానికి దారి మూయజూచుట, ప్రభుత్వములు ఒకప్పుడు వానిని పిలిచి పీటవేయుట, ఒకప్పుడు న్యాయస్థానమున నిలబెట్టుట - ఇదంతయు ఈ కాలమున పుట్టిన వింతగా తోచును. కాని కృష్ణా ముఖద్వారపు సీమ ఈ నాటకమును తొలి యంకము మొదలు తుది యంకము వరకు ఒకసారి చూచియున్నది. అందు తెలుగువారికి కలిగిన లాభమెంత, నష్టమెంత, అది ఏ ఘడియలో లాభము నుండి నష్టమునకు తిరిగినది అను ప్రశ్నలు నేడు మరల విచారింపదగినవి.

కంపెనీలు రాకముందే ఈ తీరమునకు వర్తకమున గొప్ప పేరుండెను. క్రీస్తుశకపు తొలి శతాబ్దముల గ్రీకు గ్రంథములు దీనిని మసాలియా, మైసోలియా యని పేర్కొన్నవి; ఇచ్చటి సన్నని నూలుబట్టలను ప్రస్తావించినవి. టాలెమీ చెప్పిన కంటకోస్సుల దివిసీమలోని ఘంటసాలయేయని చరిత్రకారుల అభిప్రాయము. ఘంటసాలలోను గుడివాడలోను బయల్పడిన బౌద్ధ శిథిలములు, పాత నాణెములు ఆనాటి సంపదకు సాక్ష్యములు. 16వ శతాబ్దము చివరకు బందరు గోలకొండ కుతుబ్‌షాహీల ప్రధానమైన రేవుగా నుండెను. పారశీకులు, అరబ్బులు, ఆర్మీనియనులు, తెలుగు వర్తకులు ఇచ్చట సరకులెత్తి పెగూ, అచే, మోచా రేవులకు ఓడలు నడిపిరి. పారశీకమున బందరనగా రేవు. ఆ సామాన్యనామమే ఊరికి పేరై నిలిచినది.

ఆ రేవును పరదేశులకు ప్రియము చేసినది అద్దకపు బట్ట. దాని వెనుక ఆ కాలమున ఐరోపాకు అంతుపట్టని విద్య యొకటి దాగియుండెను. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానవేసి ఆరబెట్టుదురు. నల్లని గీతలకు ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరబెట్టి తీసిన కసరు వాడుదురు. ఎరుపు రావలసిన చోట పటికనీరు పూసి, తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరుతో ఉడికింతురు. పటిక తగిలిన చోట ఎరుపు నిలుచును. తక్కిన చోట ఉతుకులో వదలిపోవును. నీలిరంగు కొరకు గుడ్డకు మైనము పట్టించి నీలిమందు తొట్టిలో ముంతురు. ఉన్నికిని పట్టుకును రంగు వేయుట ఐరోపావారికి తెలియును. నూలుగుడ్డకు ఎన్ని ఉతుకులకును చెదరని ఇట్టి రంగు పట్టించు నేర్పు వారికి లేకుండెను. నేటి భాషలో చెప్పవలెనన్న, ఆనాటి శ్రేష్ఠమైన సాంకేతిక విద్య బందరు, నిజాంపట్నముల పరిసర గ్రామములలో అద్దకపువారి చేతులలో నుండెను.

1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏర్పడెను. దాని వాటాలను ఆమ్‌స్టర్డాం నగరమున కొనవచ్చును, అమ్మవచ్చును. నేటి షేరు బజారులకు అదియే నాంది. ఇంగ్లీషు కంపెనీకి అంతకు రెండేండ్ల ముందు, 1600 డిసెంబరు 31న, ఎలిజబెత్ రాణి అధికారపత్రము నొసగెను. ఇరువురి దృష్టియు తూర్పుదీవుల సుగంధద్రవ్యములపైననే. అయితే ఆ దీవులవారు వెండి కంటె తెలుగుదేశపు బట్టలనే ఎక్కువగా కోరిరి. లవంగము కావలెనన్న బట్ట కావలయును. బట్ట కావలెనన్న బందరు చేరవలయును. డచ్చివారు 1605లో బందరు చేరి, మరుసటియేట గోలకొండ సుల్తానువలన ఫర్మానా పొంది, ఇచ్చటను నిజాంపట్నమునను కోఠీలు తెరచిరి.

1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అను ఓడ వచ్చెను. ఆ యాత్రకు వర్తకనాయకులు ఫ్లోరిస్, ఆంతూనిస్ అను ఇద్దరు. ఇరువురును డచ్చివారే, అంతకుముందు డచ్చి కంపెనీ కొలువులో ఈ తీరపు మర్మముల నెరిగినవారే. పోటీసంస్థలోని నేర్పరులను తమవైపునకు త్రిప్పుకొనుట నేటి వింత కాదు. ఆ ఓడ మొదట పులికాటున ఆగెను. అచ్చట డచ్చివారు విజయనగర ప్రభువగు రెండవ వెంకటపతిరాయలు 1610లో తమకిచ్చిన ఏకాధికారమును చూపి ఇంగ్లీషువారిని కాలు మోపనీయలేదు. గ్లోబ్ ఉత్తరముగా సాగి నిజాంపట్నము మీదుగా బందరు చేరెను. ఇచ్చట ఎవరును అడ్డలేదు. ఇంగ్లీషువారికి ఈ తీరమున తొలి కోఠీ దొరకినది.

ఈ రెండు రేవుల భేదమే ఈ కథకు ఆయువుపట్టు. గోలకొండ ప్రభువులు డచ్చివారికి చోటిచ్చిరి గాని తాళపుచెవి ఈయలేదు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువారికి ఏటా 500 వరహాల సుంకముపై తన రేవులన్నిట వర్తకము చేసికొను ఫర్మానా నొసగెను. డేనులు వచ్చిరి. 1669లో మర్కారా అను ఆర్మీనియను వర్తకుడు ఫ్రెంచి కంపెనీ పక్షమున వచ్చి ఫర్మానా సంపాదించెను. ఒక కంపెనీ అలిగిన వేరొక కంపెనీ యుండెను. అందరును అలిగిన పారశీక వర్తకులుండిరి.

ఆ రోజులు స్వర్ణయుగమని పొగడుట సరికాదు. సాలెవాడు దళారి వద్ద ముందుగా సొమ్ము తీసికొని నేయువాడు. రేవు అధికారులు పీడించువారు. 1630లలో బందరు అధికారియైన మీర్ జుమ్లా తానే పెద్ద వర్తకుడై కంపెనీలతో పోటీపడెను. అయినను మగ్గము ముందు కొనువారు పలువురుండిరి. ధర నచ్చనప్పుడు వేరొక గుమ్మము తట్టు అవకాశము, ఎంత చిన్నదైనను, ఉండెను. పేదవానికి బేరమాడు బలము అంతకు మించి ఎక్కడిది?

కంపెనీలకు ఈ పద్ధతి రుచింపలేదు. ఎవరికి వారు తామొక్కరే యుండు చోటును వెదకిరి. ఇంగ్లీషువారు 1626లో దుగరాజపట్నమునకు, 1639లో చెన్నపట్నమునకు దారితీసి అచ్చట కోట కట్టుకొనిరి. డచ్చివారు 1686లో బాకీల తగాదాపై ఆయుధములతో బందరునే ఆక్రమించిరి. మరుసటియేట గోలకొండ ఔరంగజేబు వశమాయెను. కంపెనీలను తూచి నిలుపు త్రాసు విరిగినది. ఆపైని పోటీ సుంకముల మీదినుండి భూముల మీదికి మారినది. 1717లో ఫరూఖ్‌సియర్ పాదుషా ఇంగ్లీషువారికిచ్చిన ఫర్మానాలో దివిసీమ ప్రస్తావన కలదు. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చెను. 1755 నాటి తాత్కాలిక ఒడంబడికలో ఈ రెండు కంపెనీలును మచిలీపట్నమొకరికి, దివి యొకరికి అను పంపకమును గూడ వ్రాసికొనిరి. దివిసీమ రైతును అడిగినవారు లేరు.

1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ బందరుకోటపై పడి పట్టుకొనెను. ఫ్రెంచివారికి సాయము వచ్చిన నిజాము సలాబత్‌జంగు, గెలిచినవారెవరో చూచి, మే నెలలో ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. ఇకమీదట ఫ్రెంచివారికి తన రాజ్యమున చోటీయనని ఆ సంధిలో మాటయిచ్చెను. గోలకొండ ప్రభువులు ఎనుబదేండ్లకు పైగా ఎవరికిని ఈయని మాట అది. తెరచియున్న ద్వారము ఆనాడు మూతపడినది.

పిదప కొనువాడును ఏలువాడును ఒక్కడే యాయెను. ఉత్తర సర్కారులలో కంపెనీ గుమాస్తాలు సాలెవారికి ముందుసొమ్ము అంటగట్టి, ఆ నేత ముగియువరకు వేరొకరికి నేయరాదని కట్టడిచేసిరి. ధర నిర్ణయించువాడే శిక్ష విధించువాడైనప్పుడు మొరవినువారెవరు?

ఆలోపల బందరు విద్యయు సీమ దాటినది. అద్దకపు బట్టల వెల్లువకు బెదరి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700, 1721లలోను వానిని నిషేధించినవి. పరదేశపు సరకును ఆపి, దాని రహస్యమును మాత్రము రాబట్టుటకు పూనుకొన్నవి. తెలుగు నేర్చిన కేర్దూ అను ఫ్రెంచి మతగురువు 1742లో ఈ అద్దకపు విధానమునంతయు వరుసగా వ్రాసి స్వదేశమునకు పంపెను. తరువాత ఐరోపాలో యంత్రములు వచ్చినవి. 19వ శతాబ్దమున యంత్రపు బట్టయే ఈ రేవున దిగెను. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరు పరిసరములలో సుమారు 30,000 మంది మరణించిరి. ఓడలు, వ్యాపారము క్రమముగా వేరు రేవులకు తరలినవి.

జయించిన సంస్థయు శాశ్వతము కాలేదు. డచ్చి కంపెనీ అప్పులలో మునిగి 1799తో అంతరించినది. ఫ్రెంచి కంపెనీ 1769లో తన ఏకాధికారమును కోల్పోయినది. ఇంగ్లీషు కంపెనీకి 1813లో హిందూదేశ వర్తకపు గుత్త తొలగినది. 1858లో పాలన పోయినది. 1874లో అది రద్దయినది. కాని కంపెనీ పోయినంతమాత్రమున పోయిన మగ్గములు తిరిగిరాలేదు.

నేటి సంస్థలకు కోటలు లేవు, ఫిరంగులు లేవు. ఆ భేదమును మరువరాదు. వానిని అదుపుచేయు చట్టములును కలవు. 2022 అక్టోబరులో భారత కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ ఫోనుల విషయమున గూగుల్ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. 2024 ఆగస్టులో అమెరికా న్యాయస్థానము శోధనరంగమున ఆ సంస్థ గుత్తాధిపత్యమును అక్రమముగా నిలుపుకొన్నదని తీర్పు చెప్పినది. 2025 సెప్టెంబరులో ఆ సంస్థను చీల్చుటకు అంగీకరింపక, ఏకాధికారపు ఒప్పందములను మాత్రము నిషేధించినది. పులికాటున డచ్చివారు చూపిన పత్రము వంటివే ఆ ఒప్పందములు.

హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి యగుట తెలుగువారికి గర్వకారణమే. కాని ఫ్లోరిస్ డచ్చివాడైనను అతని నేర్పు కొలువిచ్చిన ఇంగ్లీషు కంపెనీకే చెందెను. నాయకుని జన్మభూమినిబట్టి సంస్థ స్వభావము మారదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమమేధ కేంద్రము నెలకొల్పుదునని, సముద్రగర్భపు తంతులను ఆ తీరమునకు చేర్తునని ప్రకటించినది. ఓడలు దిగిన తీరమున తంతులు దిగనున్నవి. రావలసినదే, రానీయుటయే బందరు సంప్రదాయము. అయితే వచ్చినవానికి చోటు మాత్రమే ఈయవలెనా, తాళపుచెవి గూడ ఈయవలెనా అను ప్రశ్నకు బందరు చరిత్రలో సమాధానము కలదు.

బందరు సమీపమున పెడనలో నేటికిని అద్దకపువారు కరక్కాయ నీటిలో గుడ్డను ముంచి, కొయ్య అచ్చులతో రంగులద్దుచున్నారు. వారి తాతలకు తాతలు నేసిన బట్ట కొరకు కాట్లాడిన కంపెనీలలో ఒక్కటియు నేడు లేదు. ఆ విద్య మిగిలినది. దానిని కొను గుమ్మములు ఎన్ని తెరచియుండునో, ఆ బ్రతుకులును అంత పచ్చగా నుండును.