డాబా మీద పడ్డ వాన ఎవరి పద్దు?

పిల్లలూ, ఈసారి ఖమ్మం నుంచి భద్రాచలం పోయేటప్పుడు, పాల్వంచ దాటి అడవి దగ్గరపడ్డాక ఎక్కడైనా దిగితే ఒక పని చెయ్యండి. టేకు చెట్టు కిందో, ఇప్పచెట్టు కిందో రాలిన ఆకుల్ని ఒక పుల్లతో పక్కకు తొయ్యండి. చేత్తో మాత్రం వద్దు, తేళ్లుంటాయి. పైన గలగలమనే ఎండాకు, దాని కింద సగం చివికిన నల్లటి ఆకు, ఇంకా కింద మెత్తటి మన్ను కనిపిస్తాయి. ఆ మన్ను నిండా సన్నటి వేళ్లు, చెదల దారులు, వానపాముల బొరియలు. పొద్దున వాన దంచికొట్టినా మధ్యాహ్నానికి అక్కడ మడుగు కనిపించదు. నీళ్లు ఆ బొరియల్లోంచి లోపలికి దిగి, వాన వెలిసిన చాలా రోజుల దాకా ఊటై వాగుకి కొంచెం కొంచెంగా అందుతుంటాయి.

అదే వాన ఊళ్లో పడితే ఏమవుతుంది? లెక్క వేద్దాం, ఇది మీకు వచ్చిన లెక్కే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. 120 గజాల డాబా అంటే రమారమి 100 చదరపు మీటర్లు. దాని మీద అయిదు సెంటీమీటర్ల వాన పడిందనుకోండి. మన వైపు వానాకాలంలో ఒక్క గట్టి వానకి అంత పడుతుంది. అది 5,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకరు! ఎండాకాలంలో డబ్బులిచ్చి తెప్పించుకునే ట్యాంకరును వానాకాలంలో మన పైపు గుండా మనమే వీధిలోకి వదిలేస్తున్నాం. ఇక ఎకరం మేర సిమెంటు పరిచిన ఆవరణ ఉంటే, అదే వానకి అక్కడి నుంచి రెండు లక్షల లీటర్లు కదులుతాయి. నలభై ట్యాంకర్లు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దీనికి ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతుంది. చెట్టూ చేమా ఉన్న సహజమైన నేల మీద ఏడాది మొత్తంలో పడే వానలో పదోవంతే పైపైన పారిపోతుంది. సగం నేలలోకి ఇంకుతుంది, మిగతాది ఆవిరవుతుంది. ముప్పాతిక వంతుకు మించి సిమెంటూ తారూ కప్పిన ఊళ్లో మాత్రం సగానికి పైగా పారిపోతుంది. వాన మారలేదు, మారింది నేల.

పారే నీళ్లు ఊరికే పారవు, దారిలో ఉన్నదల్లా మోసుకుపోతాయి. బియ్యం కడిగినప్పుడు మొదటి నీళ్లు తెల్లగా చిక్కగా వస్తాయి, రెండోసారికి తేటపడతాయి కదా. రోడ్లను కడిగే వానదీ అదే తీరు. మొదటి అరగంటలో వచ్చే నీళ్లలోనే మురికి ఎక్కువ. బండ్ల నుంచి కారిన ఆయిలు, టైర్లు అరిగిన పొడి, పేడ, ప్లాస్టిక్ కవర్లు, కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గు దుమ్ము, ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ కోసే చోట్ల తెల్లటి రాతిపిండి, అన్నీ అందులోనే ఉంటాయి. తొలకరి పడగానే వాగు నల్లబడటానికి కారణం ఇదే.

ఈ నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా తెలియాలి. ఖమ్మంలో పడ్డ వాన మున్నేరులోకి, అక్కడి నుంచి కృష్ణలోకి పోతుంది. భద్రాచలంలో పడ్డ వాన గోదావరిలోకి దిగుతుంది. ఖమ్మంలో గొల్లపాడు ఛానల్ ఒకప్పుడు పొలాలకు నీళ్లు పారించిన కాలువ. ఊరు పెరిగి దాని మీదికి రావడంతో మురుగు కాలువైంది. తర్వాత సర్కారు డబ్బు పెట్టి దాన్ని బాగుచేసి, పైన పార్కులు వేసింది. సాగునీటి కాలువ ఎలా మురుగు కాలువైందో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి, ఊరి చరిత్ర సగం తెలుస్తుంది.

ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ లాంటి కాలనీలను ముంచింది. అది పైన మహబూబాబాద్ వైపు కురిసిన కుంభవృష్టి తెచ్చిన వరద. దాన్ని మన డాబాల మీద వేయకూడదు. నది వరద వేరు, ఊళ్లో వాననీరు వేరు. కానీ నది నిండుగా ఉన్నప్పుడు ఊరి నీరు బయటకు పోలేదు. అప్పుడు రెండూ ఏకమవుతాయి.

దీన్ని అందరికంటే బాగా భద్రాచలం వాళ్లు చెబుతారు. అక్కడ గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులకు చేరింది. ఊరిని కాపాడటానికి కరకట్ట కట్టారు. వాననీరు నదిలోకి పోవడానికి ఆ కట్టకు తలుపులున్న తూములు, అంటే స్లూయిస్‌లు ఉన్నాయి. గోదావరి పెరిగినప్పుడు నది నీళ్లు వెనక్కి తన్నకుండా వాటిని మూసేయాలి. మూస్తే ఊళ్లో పడ్డ వాన ఊళ్లోనే నిలిచిపోతుంది. గుడి దగ్గర విస్తా కాంప్లెక్స్ పరిసరాలు మునిగేది అందుకే. ఆ నీళ్లను మోటార్లు పెట్టి గోదావరిలోకి తోడి పోయాలి. నీళ్లతో పాటు చెత్త బాధ కూడా ఉంది. 2014లో చుట్టుపక్కల పంచాయతీలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాక భద్రాచలానికి చెత్త వేసుకునే చోటు కరువైంది. నది పక్కన పోసిన చెత్త వానకి తడిస్తే ఆ రసం ఎటు పోతుంది? భక్తులు మునిగే గోదారిలోకే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఈ మోటార్లకు, కరెంటుకు, పూడిక తీసే కూలికి, కాలువల్లో జాలీలకు డబ్బు ఎవరివ్వాలి? కొత్త కాలువ కట్టడానికి హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో నిధులు వస్తాయి. కట్టిన కాలువలో పూడిక తీయడం మాత్రం ఏటేటా చేసే పని. ఏటా ఉండే పనికి ఏటా వచ్చే డబ్బు కావాలి.

అమెరికాలో సియాటిల్ పక్కన బెల్‌వ్యూ అనే ఊరుంది. ఇప్పుడు అక్కడ సాఫ్ట్‌వేర్ కొలువుల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఊరు పెరిగి వాగులు కోసుకుపోతుంటే, ఆ ఊరు 1974లోనే వాననీటికి విడిగా ఒక విభాగం, విడిగా ఒక రుసుము పెట్టింది. ఖాళీ నేలకు తక్కువ, ఎక్కువ కట్టడాలున్న స్థలానికి ఎక్కువ. వచ్చిన డబ్బుతో వాగులను పైపుల్లో బిగించకుండా తెరిచే ఉంచి, నీటిని కాసేపు ఆపే కుంటలు కట్టారు. నీరు నెమ్మదిస్తే సన్నటి మట్టి అడుక్కి దిగుతుంది. లోహాల పొడి, ఎరువుల భాస్వరం ఆ మట్టిని అంటుకునే ఉంటాయి కనుక వాటిలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. నేలలోని సూక్ష్మజీవులు ఆయిల్‌ను తినేస్తాయి. నీటిని నెమ్మదింపజేయడమే సగం శుద్ధి.

ఫిలడెల్ఫియా కథ ఇంకా బాగుంటుంది. అక్కడ ముందు వాననీటి రుసుమును నల్లా మీటరు సైజును బట్టి వేసేవాళ్లు. దాంతో నల్లాయే లేని పెద్ద పెద్ద పార్కింగు స్థలాలు పైసా కట్టేవి కావు. వాననీరు ఎక్కువగా వదిలేదేమో అవే! 2010లో పెద్ద స్థలాలకు ఈ లెక్క మార్చడం మొదలుపెట్టారు. ఎంత నేల నీళ్లు ఇంకకుండా కప్పేశావో కొలిచి, ముఖ్యంగా దాని మీదే రుసుము. ఎవరైనా తమ స్థలంలో నీళ్లు ఇంకే తోట వేస్తే, కుంట తవ్వితే బిల్లు తగ్గిస్తారు. జర్మనీలో కూడా మురుగునీటికి ఒక రుసుము, కప్పేసిన నేలకు మరో రుసుము వేసే ఊళ్లు బోలెడు.

మన దగ్గర సంగతేమిటి? 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టంలోనే ఇంటి పన్నులో నీరు, మురుగు కోసం ఒక భాగం ఉండేది. ఆలోచన పాతదే. కానీ తెలంగాణ పట్టణాల్లో పన్ను కట్టేది ఏడాది అద్దె విలువను బట్టి. అద్దె విలువకూ వాన లెక్కకూ పొత్తు లేదు. పెరట్లో మామిడి, వేప పెంచి నేలను వదిలిన ఇంటికీ, గోడ నుంచి గోడకు బండలు పరిచిన ఇంటికీ తేడా ఆ లెక్కలో కనిపించదు. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, నేల, చెట్ల చట్టం, ఇంకుడు గుంతల మాట చెప్పింది. తవ్విన గుంత నాలుగేళ్లకు పూడిపోతే చూసేవాడు లేడు. గుంత బాగుంచుకున్నవాడికి ఏటా పన్నులో రాయితీ ఇస్తే వాడే చూసుకుంటాడు. పుణె నగరపాలక సంస్థ వాననీటిని ఒడిసిపట్టే ఇళ్లకు ఇంటి పన్నులో రాయితీ ఇస్తోంది కూడా.

మన ఊళ్లలో ఇలాంటి రుసుము పెడితే జనం ఊరుకుంటారా అంటారు కొందరు. ఆ అనుమానంలో న్యాయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చెత్త పన్ను పెడితే జనం గగ్గోలు పెట్టారు, 2024లో తీసేశారు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం 2012లో పెద్ద జిల్లాలన్నీ ఈ రుసుము వేయాల్సిందేనని చట్టం చేస్తే, దానికి వాన పన్ను అని పేరు పెట్టి తిట్టారు. 2015లో ఆ నిర్బంధం ఎత్తేశారు. అందుకని నేను చెప్పేది మూడు మాటలు. ఒకటి, కప్పేసిన నేలను కొలిచి వెయ్యండి, చిన్న ఇంటికి చిన్న మొత్తం, పెద్ద గోడౌనుకు పెద్ద మొత్తం, సర్కారు ఆఫీసులకు కూడా మినహాయింపు వద్దు. రెండు, నీళ్లు ఇంకించినవాడికి తగ్గించండి. మూడు, ఆ డబ్బును విడి ఖాతాలో ఉంచి, ఏ కాలువలో ఎంత పూడిక తీశారో వార్డు ఆఫీసు గోడ మీద రాయండి. మూడోది లేకుండా మొదటిది అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఈ రుసుముతో అన్నీ సర్దుకుంటాయని చెప్పను. మన సైడు కాలువల్లో వాననీరు, సెప్టిక్ ట్యాంకు నీరు కలిసే పారుతున్నాయి. వాటిని విడదీయడం వేరే పెద్ద పని. కానీ ఏ పనికైనా పద్దు ముందు రాయాలి.

నాయనలారా, ఈ ఆదివారం టేపు పట్టుకుని మీ డాబా పొడవు వెడల్పులు కొలవండి. సిమెంటు వాకిలిని కూడా కలపండి. అయిదు సెంటీమీటర్ల వానకి మీ ఇంటి నుంచి ఎన్ని లీటర్లు వీధిలోకి పోతున్నాయో కాగితం మీద వేసి అమ్మానాన్నలకు చూపించండి. ఇంటి పన్ను కట్టడానికి వాళ్లు మున్సిపాలిటీకో పంచాయతీకో పోయేటప్పుడు మీరూ వెంట వెళ్లి, ఇందులో వాననీటి కాలువలకు ఎంత ఖర్చుపెట్టారండీ అని అడగండి. మర్యాదగా అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.