పాత సినిమా పోస్టరును పటం కట్టించే ముందు

పాత సినిమా పోస్టరు దొరికిన మనిషి ముందుగా వెతికేది పటాలు కట్టే దుకాణాన్ని. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. అది నిజంగా ఆ కాలపు కాగితమేనా? అయితే, అది ఏ ఊరి గోడ కోసం వచ్చిన కాగితం?

గోడకెక్కిన పోస్టరు తిరిగి రాదు. మైదా జిగురుతో అంటించిన దానిమీద వచ్చే వారం ఇంకొకటి పడుతుంది. మిగిలింది వానకు నానుతుంది, పశువుల నోట పడుతుంది. కాబట్టి ఇప్పుడు దొరికేవి చాలావరకు గోడకెక్కనివే. డిస్ట్రిబ్యూటరు ఆఫీసులోనో, థియేటరు సామాన్ల గదిలోనో మడతల్లో మిగిలిపోయినవి. అమెరికాలో 1940 నుంచి నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ థియేటర్లకు పోస్టర్లను అద్దెకిచ్చి, ఆట అయ్యాక వెనక్కి తీసుకునేది. అంతకు ముందటివి అక్కడా అరుదే. 1931 నాటి ‘డ్రాకులా’ పోస్టరు ఒకటి 2017 వేలంలో 5,25,800 డాలర్లు పలికింది.

ముందు ఏ ఊరిదో తేల్చే సంగతి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు సినిమా వ్యాపారంలో నైజాం ఏరియా. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెడితే ఆంధ్ర ఏరియా. ఇవతలి థియేటర్లకు ప్రచార సామగ్రి హైదరాబాదు నుంచి వచ్చేది, అవతలి వాటికి ఎక్కువగా విజయవాడ గాంధీనగర్ నుంచి. సినిమా ఒకటే, బొమ్మ ఒకటే. ఏ పోస్టరు ఎక్కడిదో చెప్పేది కింద అంటించిన స్లిప్పు. థియేటరు పేరు, ఊరి పేరు, రోజుకెన్ని ఆటలో అచ్చువేసిన సన్నని కాగితపు ముక్క అది.

ఆ స్లిప్పు బొమ్మ అందాన్ని చెడగొడుతోందని కత్తిరించి పారేసేవాళ్లున్నారు. అది పెద్ద నష్టం. ‘మిస్సమ్మ’ పోస్టరు ఏ ఊరివారైనా దాచుకోవచ్చు. మిర్యాలగూడ థియేటరు పేరున్న ‘మిస్సమ్మ’ పోస్టరు మాత్రం ఆ ఊరి చరిత్రకు ఆధారం. థియేటర్లు ఒక్కొక్కటే కూలిపోతున్నప్పుడు, ఫలానా సినిమా ఫలానా చోట ఆడిందని చెప్పడానికి కొన్నిసార్లు ఆ ముక్క తప్ప మరేమీ మిగలదు.

ఇక అసలూ నకలూ. ముందు కొలవండి. మన దేశపు మామూలు పోస్టరు సుమారు 30x40 అంగుళాలు, పాత హాలీవుడ్ పోస్టరు 27x41. ‘కాసాబ్లాంకా’, ‘రోమన్ హాలిడే’ బొమ్మలు 24x36 అంగుళాల్లో కనిపిస్తే అవి దాదాపుగా ఈ మధ్య ఇళ్ల అలంకరణకు అచ్చువేసినవే. ఇష్టమైతే కొనుక్కోవచ్చు, పాతవాటి ధర మాత్రం ఇవ్వనక్కరలేదు.

తరువాత భూతద్దం. లితో అంటే రాతి పలక మీదో లోహపు పలక మీదో బొమ్మ గీసి అచ్చుతీసే పద్ధతి. చేత్తో గీసిన లితోలో చిత్రకారుడి గీతల గరుకుదనం కనిపిస్తుంది. ఆఫ్‌సెట్‌లో రంగుల చుక్కలు వరుస తప్పకుండా ఉంటాయి. కంప్యూటర్ ప్రింటులో చుక్కలు చల్లినట్టుంటాయి. అంచున ముద్రణాలయం పేరు, ఊరు ఉన్నాయేమో చూడండి. శివకాశి పేరు తరచు కనిపిస్తుంది.

రంగుల్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకూడదు. నలుపు తెలుపు సినిమాలకు కూడా రంగుల పోస్టర్లు వేసేవారు. ‘మాయాబజార్’ వచ్చింది 1957లో, రంగులద్దుకుని మళ్లీ వచ్చింది 2010లో. అంతమాత్రాన రంగుల ‘మాయాబజార్’ పోస్టరు ప్రతిదీ 2010ది కాదు. చిత్రకారుడి సంతకమూ కాలనిర్ణయానికి పనికొస్తుంది. 1967లో బాపు సినిమా ‘సాక్షి’తో పోస్టర్లు వేయడం మొదలుపెట్టిన ఈశ్వర్ సంతకం ‘మిస్సమ్మ’ పోస్టరు మీద ఉంటే, అది 1955 నాటి మొదటి విడుదలది కాదు.

అసలుదని తేలాక ఎక్కువ జాగ్రత్త కావలసింది పటం దగ్గరే. లామినేషన్ చేయిస్తే మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. మామూలు అట్టలోని ఆమ్లం కాగితాన్ని పసుపుపచ్చగా, పెళుసుగా మారుస్తుంది. సెల్లోటేపు మరక పోదు. అద్దం నేరుగా కాగితానికి ఆనితే చెమ్మకు అతుక్కుపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, వానాకాలపు తేమ రెండూ ఉన్న మన ఊళ్లలో ఇవన్నీ త్వరగా జరుగుతాయి. పాత జిగురులో పిండి ఉంటుంది కనుక పురుగులకు అదే ఆహారం.

అందుచేత దుకాణదారుడికి స్పష్టంగా చెప్పండి: ఆమ్లం లేని అట్ట వాడాలి, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ వదలాలి, పోస్టరును పూర్తిగా అంటించకుండా పై అంచున పలుచని కాగితపు పట్టీలతో, గోధుమ గంజితో మాత్రమే నిలపాలి, మడతల్ని ఇస్త్రీ చేయకూడదు, స్లిప్పును ముట్టుకోకూడదు. పడమటి ఎండ పడే గోడకు పటం తగిలించకండి.

కట్టించే ముందు పోస్టరు వెనక, ఒక మూలన, మెత్తని పెన్సిలుతో రాసిపెట్టండి: ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఏ థియేటరుది. పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుతుంది.