కలాంచో మళ్లీ పూయట్లేదా? నీళ్లు, ఎరువు కాదు.. రాత్రి వెలిగే లైటే అసలు కారణం కావచ్చు!

చలికాలం వచ్చిందంటే హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో బాల్కనీలోకో, వర్క్ డెస్క్ మీదకో చేరే మొక్క కలాంచో. మందపాటి ఆకులు, గుత్తులు గుత్తులుగా ఎరుపు, పసుపు, నారింజ పూలు. నర్సరీ నుంచి తెచ్చిన కొన్ని వారాల పాటు కళకళలాడుతుంది. ఆ తర్వాత పూలు ఎండిపోతాయి. ఏడాది గడిచినా మళ్లీ మొగ్గ కనిపించదు. ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి. దీంతో కొందరు ఎరువు మీద ఎరువు వేస్తారు. ఇంకొందరు పీకి పారేసి కొత్తది కొంటారు. నిజానికి అలాంటి మొక్కలో లోపమేమీ లేదు. దానికి కావాల్సింది చీకటి.

చీకటికీ పూలకూ సంబంధం ఏంటి?

కలాంచో పుట్టిల్లు మడగాస్కర్ దీవి. 1930ల్లో జర్మనీ విత్తనాల వ్యాపారి రాబర్ట్ బ్లాస్‌ఫెల్డ్ దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. రాత్రి ఎంత పొడుగుందో ఈ మొక్క లెక్కపెట్టుకుంటుంది. వరుసగా కొన్ని వారాల పాటు పొడవాటి రాత్రులు దొరికితేనే మొగ్గ వేస్తుంది. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో సుమారు 11 గంటలే. అంటే ఆరుబయట పెరట్లో పెట్టిన మొక్క ఏ తంటాలూ లేకుండా చలికాలంలో దానంతటదే పూస్తుంది.

చిక్కంతా ఐటీ కారిడార్ ఫ్లాట్లలోనే. అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే ఇంట్లో హాల్ లైట్ రాత్రి రెండింటికీ వెలుగుతూనే ఉంటుంది. బాల్కనీలో పెడితే పక్క టవర్ ఫ్లడ్ లైట్లు, దీపావళి రోజుల్లో సీరియల్ లైట్లు. అర్ధరాత్రి కాసేపు లైట్ పడినా చాలు, కలాంచో లెక్క తప్పుతుంది. దానికి అది ఇంకా ఎండాకాలమే!

అట్టపెట్టె చాలు

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు ఏ ఫ్లాట్‌లోనైనా ఉంటాయి కదా. అక్టోబర్ మొదట్లో మొదలుపెట్టి, రోజూ సాయంత్రం 6 గంటలకు కుండీపై పెట్టె బోర్లించి, ఉదయం 8కి తీసేయాలి. సందుల్లోంచి వెలుతురు రాకూడదు. పగలు మాత్రం మంచి వెలుగు తప్పనిసరి. ఇలా ఆరు వారాలు చేయాలి, మధ్యలో మానేయొద్దు. ఆ రోజుల్లో నీళ్లు తగ్గించాలి, ఎరువు ఆపేయాలి. మొగ్గలు కనిపించాక పెట్టె అక్కర్లేదు. జనవరి నాటికి పూలు చూడొచ్చు.

మిగతా పోషణ తేలికే. వేలు పెడితే పైమట్టి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయాలి. నర్సరీ కుండీల్లో కోకోపీట్ ఎక్కువగా ఉంటే తడి ఆరదు, వానాకాలంలో కాండం మొదలు కుళ్లిపోతుంది. ఇసుక, ఎర్రమట్టి కలిపి మార్చుకోవడం మేలు. తూర్పు బాల్కనీ దీనికి భేషైన చోటు. ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండకు ఆకులు మాడిపోతాయి. పూలు ఎండగానే ఆ కాడలు కత్తిరించాలి. కొమ్మను రెండు రోజులు ఆరబెట్టి నాటితే కొత్త మొక్క వస్తుంది.

రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందా?

వాట్సాప్‌లో తిరిగే ఈ మాట నిజం కాదు. ఈ జాతి మొక్కలు రాత్రి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఆకుల్లో ఆమ్లంగా దాచుకుంటాయి. ఆక్సిజన్ విడుదల కావాలంటే మాత్రం వెలుతురు ఉండాల్సిందే. ఒకప్పుడు సామర్లకోట తోటలో పనిచేసిన బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ సంగతిని నాలుకతోనే పట్టేశారు. కలాంచోకు చుట్టమైన రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉంటుందని, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుందని ఆయన రాసిన లేఖ 1815లో లండన్‌లో అచ్చయింది.

రణపాలకు చుట్టమే కదా అని కలాంచో ఆకు మాత్రం నమలొద్దు. ఇందులో గుండెపై ప్రభావం చూపే విష పదార్థాలున్నాయి, పూలలో అవి మరీ ఎక్కువ. ఫ్లాట్‌లో పిల్లి, కుక్క ఉంటే కుండీని వాటికి అందని ఎత్తులో పెట్టాలి. అవి నమిలి వాంతులు చేసుకుంటే ఇంటి వైద్యాలు మాని, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ఏ మొక్క తిన్నదో చెప్పేందుకు ఒక కొమ్మ వెంట తీసుకెళ్తే డాక్టర్‌కు పని తేలికవుతుంది.