ర్యాంకు ఒక ఎత్తు, కళాశాల ఎంపిక మరో ఎత్తు

న్యూఢిల్లీ: ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత దినసరి కూలీ కుమారునికి 2024లో ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు లభించింది. దానిని ఖాయం చేసుకొనేందుకు రూ. 17,500 చెల్లించవలసి ఉండగా, సొమ్ము సమకూర్చుకొనేసరికి జూన్ 24 సాయంత్రం 5 గంటల గడువు దాటిపోయింది. సీటు చేజారింది. తండ్రి రోజు సంపాదన రూ. 450 మాత్రమేనని విద్యార్థి తరఫు న్యాయవాది సుప్రీంకోర్టుకు విన్నవించారు. అడ్వాన్స్‌డ్ పరీక్షను రెండు పర్యాయాలకు మించి రాయడానికి వీలు లేదు. ఆ కుర్రవాడు అప్పటికే రెండవసారి రాసి ఉన్నాడు.

అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకు గల విశేషాధికారాన్ని వినియోగించి, ఆ విద్యార్థిని చేర్చుకోవలసిందిగా 2024 సెప్టెంబర్ 30న ఆదేశించింది. ఇతరుల సీట్లకు భంగం కలగకుండా అదనపు సీటు కల్పించాలని కూడా స్పష్టం చేసింది.

అందరికీ సుప్రీంకోర్టు తలుపు తట్టే అవకాశం లభించదు. ర్యాంకు కోసం రెండేళ్లకు పైగా శ్రమించే కుటుంబాలు, ఆ ర్యాంకుతో ఏ సంస్థలో, ఏ శాఖలో చేరాలన్న నిర్ణయాన్ని కొద్ది రోజుల హడావుడిలో ముగించడం సర్వసాధారణమైంది. నాలుగేళ్ల చదువు, లక్షల రూపాయల ఖర్చు ఈ నిర్ణయంపైనే ఆధారపడి ఉంటాయి.

ఐదు నుంచి ఇరవై మూడుకు

తొలి ఐఐటీ 1951లో ఖరగ్‌పూర్‌లో ఆరంభమైంది. ఆ తరువాత పదేళ్లలో బొంబాయి, మద్రాసు, కాన్పూర్, ఢిల్లీ సంస్థలు వెలిశాయి. 2008 అనంతరం జరిగిన విస్తరణలో హైదరాబాద్ (2008), తిరుపతి (2015) సహా అనేక సంస్థలు చేరి, మొత్తం సంఖ్య 23కు పెరిగింది. 1959లో వరంగల్‌లో తొలి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల స్థాపితమైంది. ఈ కళాశాలలు 2002 నుంచి ఎన్ఐటీలుగా మారుతూ వచ్చాయి. ఇప్పుడు దేశంలో 31 ఎన్ఐటీలు ఉన్నాయి.

ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలలో అధిక భాగానికి 2015 నుంచి ఉమ్మడి కౌన్సెలింగ్ జరుగుతోంది. 2024లో జేఈఈ మెయిన్‌కు 14 లక్షల మందికి పైగా హాజరు కాగా, ఐఐటీలలో సీట్లు 18 వేల లోపే. పోటీ తీవ్రత ఎంతటిదో ఈ అంకెలే చెబుతున్నాయి.

సంస్థా, శాఖా?

బొంబాయి ఐఐటీ కంప్యూటర్ సైన్స్‌లో జనరల్ కేటగిరీ సీట్లు వంద లోపు ర్యాంకులతోనే నిండిపోతుంటాయి. ఆ ర్యాంకుల వారికి పెద్దగా చిక్కు లేదు. అసలు చిక్కు కొన్ని వేలలో ర్యాంకు వచ్చినవారిదే. పాత ఐఐటీలో మెటలర్జీయో సివిలో తీసుకోవాలా, కొత్త ఐఐటీలోనో ఎన్ఐటీలోనో కంప్యూటర్ సైన్స్ చదవాలా అన్నది వారి ముందున్న ప్రశ్న.

దీనికి అందరికీ వర్తించే సమాధానం లేదు. ఆసక్తి స్పష్టంగా ఉన్న విద్యార్థికి శాఖ ముఖ్యం. ఏది ఇష్టమో ఇంకా తేలని విద్యార్థికి మంచి ప్రయోగశాలలు, అనుభవజ్ఞులైన అధ్యాపకులు, దీటైన సహాధ్యాయులు గల సంస్థ మేలు చేయవచ్చు. మొదటి ఏడాది తరువాత శాఖ మార్చుకోవచ్చునన్న ధీమాతో మాత్రం చేరరాదు. ఆ నిబంధనలు అన్నిచోట్లా ఒకే రకంగా లేవు. అవకాశం ఉన్నచోట సైతం అది బహు కొద్దిమందికే దక్కుతుంది.

ఎన్ఐటీలలో సగం సీట్లు సొంత రాష్ట్ర విద్యార్థులకు కేటాయిస్తారు. అందువల్ల తెలంగాణ విద్యార్థులు వరంగల్‌కు, ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు తాడేపల్లిగూడానికి వెనుకటి ఏడాది ర్యాంకులను చూసేటప్పుడు సొంత రాష్ట్ర కోటా అంకెలను విడిగా పరిశీలించుకోవాలి.

ప్రైవేటు కళాశాలల విషయంలో మరో జాగ్రత్త అవసరం. నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ గుర్తింపును కళాశాల మొత్తానికి కాక, కోర్సుల వారీగా, నిర్ణీత కాలానికి ఇస్తారు. చేరబోయే శాఖకు అది ఉన్నదో లేదో చూసుకోవడం మంచిది.

సగటు జీతం మాయ

కళాశాలల ప్రకటనలలో కొట్టొచ్చినట్లు కనిపించేవి అత్యధిక జీతం, సగటు జీతం. పది మందిలో తొమ్మిది మందికి ఏడాదికి రూ. 6 లక్షలు, ఒక్కరికి రూ. 96 లక్షలు లభిస్తే సగటు రూ. 15 లక్షలవుతుంది. ఆ పదిహేను లక్షలు నిజానికి వారిలో ఎవరికీ రాలేదు. జీతాలను వరుసలో పేర్చి చూసినప్పుడు నడుమ ఉండే మధ్యగత జీతమే అసలు స్థితిని తెలుపుతుంది. కేంద్రం ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించే వివరాలలో ఈ అంకె ఉంటుంది. ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో, ఎందరు పై చదువులకు వెళ్లారో కూడా అందులో చూడవచ్చు.

ఖర్చుల లెక్క

ఐఐటీలలో బి.టెక్. ట్యూషన్ ఫీజును 2016లో ఏడాదికి రూ. 90 వేల నుంచి రూ. 2 లక్షలకు పెంచారు. అయితే షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వికలాంగ విద్యార్థులకు, లక్ష రూపాయల లోపు వార్షికాదాయం గల కుటుంబాలవారికి పూర్తి మినహాయింపు కల్పించారు. లక్ష నుంచి ఐదు లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి మూడింట రెండు వంతులు తగ్గించారు. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు పూచీకత్తు లేకుండా రుణాలిచ్చే పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్‌లో ఆమోదించింది. ఈ వివరాలు తెలియక, ఫీజు అంకె చూసి వెనుకంజ వేయడం తగదు.

వరుసలోనే కీలకం

కౌన్సెలింగ్‌లో కోరుకునే సీట్ల సంఖ్యకు పరిమితి లేదు. వాటిని ‘వస్తుందనుకొనే’ వరుసలో కాక, నిజంగా కోరుకొనే వరుసలోనే నింపాలి. కోరిక పెద్దదైనంత మాత్రాన కింది అవకాశం పోదు. సీటు వచ్చాక మూడు మార్గాలు ఉంటాయి. ఆ సీటుతోనే సరిపెట్టుకోవడం ‘ఫ్రీజ్’. జాబితాలో అంతకంటె పైనున్న ఏ సీటుకైనా ఎదురుచూడడం ‘ఫ్లోట్’. అదే సంస్థలో పై శాఖ కోసం చూడడం ‘స్లయిడ్’. మెరుగైన సీటు కేటాయించిన మరుక్షణం పాతది దానంతటదే రద్దవుతుంది. కనుక చేరడానికి ఇష్టం లేని సీటును జాబితాలో పైన పెట్టరాదు.

వీటన్నింటికీ ముందు చేయవలసిన పని ఒకటుంది. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయినవై ఉండాలి. వాటితోపాటు సీటు ఖాయం చేసే సొమ్మును ఫలితాలకు ముందే చేతిలో ఉంచుకోవాలి. ధన్‌బాద్ సీటు విషయంలో కొరవడినది ప్రతిభ కాదు, గడువులోగా రూ. 17,500.