పొన్నగంటి పోయిన కంటిని తెస్తుందా?

చల్లపల్లి చుట్టుపక్కల వరిపొలాల గట్ల మీద, పంటకాలువల ఒడ్డున నేలబారుగా పాకే ఒక మొక్కను మీరు చూసే ఉంటారు. అదే పొన్నగంటి. ఇది తోటకూర కుటుంబానికి చెందినది. దీన్ని తింటే పోయిన కన్ను తిరిగి వస్తుందని పెద్దలు అంటారు. ఇందులో నిజమెంత?

మసక వెలుతురులో మనం చూడగలగడానికి కంటి రెటీనాలో ఉండే రొడాప్సిన్ అనే పదార్థం కావాలి. అది తయారవడానికి విటమిన్ 'ఎ' అవసరం. ఈ విటమిన్ చాలకపోతే మొదట రేచీకటి వస్తుంది. ముదిరితే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర మెత్తబడి, పుండై, చూపే పోవచ్చు. అందుకే మన దేశంలో 1970లో పసిపిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ 'ఎ' మోతాదు ఇచ్చే కార్యక్రమం ప్రారంభించారు.

పొన్నగంటి ఆకులో బీటా కెరోటిన్ ఉంది. మన శరీరం దాన్ని విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. కాబట్టి ఈ కూర కంటిని కాపాడటానికి తోడ్పడుతుంది. అంతేగాని పోయిన కంటిని తేలేదు, శుక్లాలను కరిగించలేదు. ఎవరికైనా చీకటి పడగానే చూపు ఆనకపోతే, ఆకుకూరతో సరిపెట్టక వెంటనే డాక్టరుకు చూపించాలి.

కెరోటిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. అందుచేత కందిపప్పుతో వండినా, పెసరపప్పు వేసి పొడికూర చేసినా నూనెతో తాలింపు పెట్టడం మంచిది.

మరి ఆకు ఎక్కడ కోయాలి? మురుగుకాలువ పక్కన మాత్రం వద్దు. ఈ మొక్క బురదలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకోగలదు. ఆకు లోపలికి చేరిన లోహం ఎంత కడిగినా పోదు. పురుగుమందు చల్లిన చేలగట్టు కూడా పనికిరాదు. ఇంకొక సంగతి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దీని చుట్టం ఒకటి నీటి పట్టున పెరుగుతుంది. దాని తెల్లని పూలగుత్తికి పొడవైన కాడ ఉంటుంది. పొన్నగంటి పూలగుత్తులు కాడ లేకుండా, ఆకు మొదట్లోనే అతుక్కుని ఉంటాయి.

అన్నిటికంటే ఇంట్లో పెంచుకోవడమే మేలు. నాలుగు కణుపులున్న కొమ్మముక్కను తీసుకుని, రెండు కణుపులు మట్టిలో ఉండేట్టు నాటండి. తడి ఆరనివ్వకండి. కణుపుల దగ్గర వేళ్ళు వస్తాయి. ఇది బహువార్షికం కనుక మొక్కను పీకకుండా కొనలు మాత్రమే తుంచుకోండి.

ఒక ప్రయోగం చేయండి. రెండు కుండీల్లో పొన్నగంటి నాటి, బాగా నాటుకున్నాక ఒకదాని కొన తుంచండి, రెండోదాన్ని అలాగే వదలండి. మూడు వారాల తర్వాత కొమ్మలు లెక్కపెట్టండి. కొనమొగ్గలో తయారయ్యే ఆక్సిన్ పక్కమొగ్గలను అణచి ఉంచుతుంది. కొన పోతే అవి కొమ్మలవుతాయి. మీ లెక్క ఏం చెబుతుందో చూడండి!