అగ్నిపర్వతములలో జాతిభేదములు

రాజమహేంద్రవరము చెంత కాతేరులోను, గోదావరికి ఆవలి యొడ్డున పంగిడిలోను దొరకు నల్లరాయిని మనలో అనేకులు చూచియే యుందురు. కంకరగా కొట్టి రోడ్లకు పోయుదుము. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట అది ద్రవమై ప్రవహించిన లావా! దానిని క్రక్కిన కొండ ఆ దాపున ఎచ్చటను లేదు. పశ్చిమ దక్కనులో నేల నెఱ్ఱెలు విచ్చి పొంగిన ప్రవాహములే అంతదూరము పారివచ్చినవని పలువురు శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

అట్లు పారుటకు కారణము దాని పలుచదనము. ఇసుకలోని ముఖ్యపదార్థమగు సిలికా ఈ లావాలో నూటికి 50 పాళ్లకు అటునిటుగా నుండును. అది హెచ్చినకొలది లావా చిక్కబడును. పలుచని గంజినుండి ఆవిరి తేలికగా పోవును. చిక్కని అంబలి కుతకుతలాడి పైకి చిందును. గృహిణులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

హవాయి దీవులలో, పసిఫిక్ ఫలకము నడుమ, లోతునుండి ఎగయు వేడి పలుచని లావాను పుట్టించుచున్నది. అచ్చటి మౌనాలోవా 4,169 మీటర్ల యెత్తుదయ్యును, బోర్లించిన మూకుడువలె వాలుగా నుండును.

సముద్రపు ఫలకము వేరొక ఫలకము క్రిందికి దిగు చోట్ల కథ వేరు. దిగిన రాతిలోని నీరు పైరాతిలో చేరి, అది తక్కువ వేడికే కరగునట్లు చేయును. ఆ ద్రవము పైకి వచ్చులోపల తరచుగా చిక్కబడి, వాయువులను బంధించును. జపాను, జావా, వెస్టిండీసు దీవులలోని నిటారు కొండలు ఇట్టివే. బూడిదయు లావాయు పొరలుపొరలుగా పేరుకొని పెరిగినవి.

ఈ భేదము ప్రాణములకు సంబంధించినది. 1943లో మెక్సికోలో ఒక రైతు పొలమున పుట్టిన పరికుటిన్, తొమ్మిదేండ్లలో రెండు గ్రామములను లావాతో కప్పివేసెను. లావా మెల్లగా నడచుటచే జనులు తరలిపోగలిగిరి. 1902 మే 8వ తేదీన మార్టినిక్ దీవిలోని పెలె కొండనుండి దిగినది లావా కాదు, మండు వాయువులతో కూడిన బూడిదమేఘము. సెయింట్ పియేర్ పట్టణములో కొద్ది నిమిషములలో సుమారు 28,000 మంది మరణించిరి. పరుగిడి తప్పించుకొనుటకు వ్యవధియే లేదు.

భారతదేశమున నేడు సజీవమైన అగ్నిపర్వతము ఒక్కటే: పోర్ట్ బ్లేయరుకు ఈశాన్యమున సుమారు 135 కిలోమీటర్ల దూరముననున్న బారెన్ దీవి. అచ్చట జనావాసము లేదు. శతాబ్దమునకు పైగా నిద్రించి 1991లో మేల్కొనెను. ఫలకము దిగు చోట పుట్టినదే యైనను, దాని లావా చాలవరకు మన పంగిడి రాతి జాతిదే. మనము గీచిన గీతలను ప్రకృతి అంతగా పాటింపదు కాబోలు.