అన్నా, ఒక మాట అడగొచ్చా?

మా పిడుగురాళ్ల కుర్రాళ్లు హెచ్‌ఐవీ గురించి తెలియక పరీక్షకు రావట్లేదని చాలామంది అనుకుంటారు. తెలియకేం, కండోమ్ సంగతి తెలుసు, సూది సంగతి తెలుసు, సర్కారు ఆసుపత్రిలో పరీక్షకు పైసా తీసుకోరనీ తెలుసు. వాళ్లను ఆపేది ఓపీ చీటీ రాసే కిటికీ ముందు నిలబడే ఆ పది నిమిషాలు. ఆ వరసలో మేనత్త ఉండొచ్చు, పక్కవీధి ఆశా వర్కరు ఉండొచ్చు, తాను పనిచేసే సున్నం బట్టీ మేస్త్రీ ఉండొచ్చు. "ఏరా, ఏమైంది నీకు?" అని ఒక్కరు అడిగారంటే సాయంత్రానికి ఇంట్లో పంచాయితీ పెడతారు.

నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఔట్‌రీచ్ వర్కర్‌ని. ముప్పు ఎక్కువున్న మగవాళ్లతో పరిచయం పెంచుకుని, మాట్లాడి, పరీక్ష దాకా తీసుకెళ్లడం నా పని. మొదట్లో ఇదంతా కాలినడకన సాగేది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. సిమెంటు లారీలు, ముగ్గు మిల్లుల లారీలు, మిరప కోతలు మొదలైతే గుంటూరు యార్డుకు టిక్కీలు మోసే బండ్లు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. దాబాల దగ్గర, బస్టాండు వెనక, రైలుకట్ట పక్కన మనుషులు ఒకరినొకరు వెతుక్కునే చోట్లను మేం హాట్‌స్పాట్లు అంటాం. సంచిలో కండోములు, చంకలో బొమ్మల పుస్తకం పెట్టుకుని పొద్దుగూకే వేళ అక్కడికి వెళ్లేవాళ్లం.

ఇప్పుడు అక్కడ జనం పలచబడ్డారు. దాచేపల్లి కుర్రాడు సత్తెనపల్లి కుర్రాణ్ణి కలవాలంటే ఏ బస్టాండులోనూ నిలబడక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ముఖం కనపడని ఖాతా ఉంటుంది, మగవాళ్లు మగవాళ్లను కలుసుకునే గ్రైండర్ యాప్ అవతలివాడు ఎంత దూరంలో ఉన్నాడో చూపిస్తుంది, టెలిగ్రామ్‌లో గ్రూపు ఉంటుంది. మా హాట్‌స్పాటు జేబులోకి వెళ్లిపోయింది. నేనూ దాని వెంటే వెళ్లాను. నా ఖాతాలో నా ఫొటో ఉంటుంది, నేను చేసే పని రాసి ఉంటుంది. దొంగ పేరుతో వెళ్లి మంచి చెప్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

మెసేజ్ సాధారణంగా ఇంట్లో వాళ్లు పడుకున్నాక వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "అన్నా, ఒక మాట అడగొచ్చా?" అడగరా తమ్ముడూ అంటే, "నాక్కాదు, మా ఫ్రెండుకి" అంటాడు. ఆ ఫ్రెండు ఎవరని నేను ఎప్పుడూ అడగను. ముద్దు పెట్టుకుంటే వస్తుందా, ఒకే ఒక్కసారైతే వస్తుందా అని మొదలవుతుంది. నాలుగు రాత్రులు గడిచాక అసలు ప్రశ్న బయటికొస్తుంది: "మగోళ్ల మధ్య అయితే రాదుగా అన్నా?"

ఈ నమ్మకం వెనక మన రాష్ట్రపు పాత జ్ఞాపకం ఒకటుంది. 2000ల మొదట్లో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఒక కల్పిత పాత్ర పేరుతో అడిగే బోర్డులు ప్రతి ఊళ్లో వెలిశాయి. జబ్బు పేరు అందరి నోటా పలికించడంలో ఆ ప్రచారం గొప్ప పని చేసింది. కానీ జనం మనసులో మిగిలిపోయింది డబ్బిచ్చి ఆడవాళ్ల దగ్గరికి పోయే మగాడి కథే. ఆ బోర్డులు చూడని ఈనాటి కుర్రాళ్లకు కూడా ఆ కథే ముట్టింది. నిజానికి కండోమ్ లేని మలద్వార సంభోగంలో వైరస్ సోకే ముప్పు మిగతా లైంగిక సంబంధాలకన్నా ఎక్కువ. ఇది తరగతి గదిలో ఎవరూ చెప్పరు. రాత్రి పదకొండింటికి ఫోన్లో నేను చెప్తాను.

మన జిల్లా జనం హెచ్‌ఐవీ పరీక్షకు ముందుకు రారు అనే మాట నేను ఒప్పుకోను. 2004–05లో, పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలో ఉన్నప్పుడు, పరిశోధకులు ఊళ్లు, పేటలు తిరిగి మామూలు జనాన్ని రక్తం ఇమ్మని అడిగారు. పన్నెండు వేలమందికి పైగా ఇచ్చారు. పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 1.72 శాతమని తేలింది. ఆసుపత్రుల లెక్కలను బట్టి వేసిన అంచనా అంతకు చాలా ఎక్కువ. దేశం మొత్తానికి ఉన్న అంచనాను 2007లో సగానికి పైగా తగ్గించి 25 లక్షలుగా సవరించడానికి ముందే, పాత అంచనాలు సరికావని చెప్పిన తొలి అధ్యయనాల్లో మన గుంటూరుది ఒకటి. మర్యాదగా అడిగి, గుట్టు కాపాడతామంటే మనవాళ్లు చెయ్యి చాపారు. 2021 జాతీయ అంచనాల్లో దేశ సగటు 0.21 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌ది 0.67. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత మనమే. కాబట్టి అడగడం ఆపే రోజు ఇంకా రాలేదు.

ఫోన్లో అడిగితే నిజంగా పరీక్షకు వస్తారా? అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో షాన్ యంగ్ అనే పరిశోధకుడి బృందం దీన్ని పరీక్షించి చూసింది. మగవాళ్లతో సంబంధాలున్న 112 మందిని ఫేస్‌బుక్‌లోని రహస్య గ్రూపుల్లో చేర్చారు. కొన్ని గ్రూపుల్లో వాళ్లలాంటి మనుషులే, శిక్షణ పొంది, హెచ్‌ఐవీ గురించి మాట కలిపారు. మిగతా గ్రూపుల్లో మామూలు ఆరోగ్య విషయాలు మాట్లాడారు. 2013లో వచ్చిన ఫలితం: మొదటి గ్రూపుల్లో 44 శాతం మంది ఇంట్లో చేసుకునే పరీక్ష కిట్ అడిగారు, రెండోవాటిలో 20 శాతం. తర్వాత పెరూలోని లిమాలో ఇంకా పెద్ద ఎత్తున చేస్తే, పరీక్ష చేయించుకున్నవాళ్లు 17 శాతం, 7 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువే. అయినా వందలో ఎనభైమూడు మంది గ్రూపులో మాట్లాడి కూడా క్లినిక్ గడప తొక్కలేదు. నా దృష్టి వాళ్ల మీదే ఉంటుంది. ఫోన్ గేటు దాకా తెస్తుంది, లోపలికి నడిపించడానికి పక్కన మనిషి కావాలి.

ముగ్గు మిల్లులో పనిచేసే కుర్రాడొకడు నెలల తరబడి మాట్లాడి, చివరికి "ఇక్కడొద్దన్నా, గుంటూరు పోదాం" అన్నాడు. పొద్దున్నే బస్సెక్కాం. తనడిగినట్టే రెండు సీట్ల వెనక కూర్చున్నాను, పలకరించలేదు. సర్కారు హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రమైన ఐసీటీసీలో కౌన్సెలర్ మొదట అతనితో మాట్లాడారు, అతను ఒప్పుకున్నాకే రక్తం తీశారు. మొదటి పరీక్షలో రియాక్టివ్ వస్తే వేరే రకం కిట్లతో మరో రెండు చేసి గానీ పాజిటివ్ అని తేల్చరు. అతనికి అంతదాకా పోలేదు, నెగెటివ్ వచ్చింది. మరుసటి వారం తనే వాట్సాప్‌లో ఇద్దరు స్నేహితులను నాకు పరిచయం చేశాడు. నేను ఏడాదంతా చెప్పినా రానివాళ్లు వాడొక్క మాట చెప్తే వచ్చారు.

పాజిటివ్ వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లతో ఆ రోజంతా ఉంటాను. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. ఒకప్పుడు ఒంట్లో రోగాలను అడ్డుకునే సీడీ4 కణాలు తగ్గేదాకా ఆగమనేవాళ్లు; 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే మొదలుపెడతారు. చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది, అలా తగ్గి ఉన్నంతకాలం సంభోగం ద్వారా ఇంకొకరికి అంటదు. ఈ ఒక్క వాక్యం ప్రతి ఊరి గోడ మీదా రాయాలని నా కోరిక.

2018 సెప్టెంబరులో ఒకే వారంలో రెండు మంచి పనులు జరిగాయి. 6న సుప్రీంకోర్టు, పరస్పర సమ్మతితో కలిసిన వయోజనులు నేరస్థులు కారని, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై తీర్పు ఇచ్చింది. 10న హెచ్‌ఐవీ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, పాజిటివ్ అని ఉద్యోగం తీసేయకూడదు, వైద్యం నిరాకరించకూడదు. ఇంత రక్షణ ఉందని తెలిసిన కుర్రాడు ఇప్పటికీ నాకు అరుదుగా కనిపిస్తాడు.

మాఘమాసం దగ్గరపడితే ప్రశ్నల తీరు మారుతుంది. "పెళ్లి కుదిరిందన్నా. మొన్న ఒకసారి జరిగింది. రేపు టెస్టు చేయించుకుంటే సరిపోద్దా?" సరిపోదు. సోకిన వెంటనే పరీక్షలో కనపడదు. నెగెటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. అది జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే మాత్రం అప్పటికప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. సోకకుండా ఆపే మందును ఆ లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. పాజిటివ్ అయితే ఆ పిల్లకు చెప్పకుండా తాళి కట్టడానికి నేను ఒప్పుకోనని కూడా మొహమాటం లేకుండా రాస్తాను. చెప్పడానికి నోరు రాకపోతే కౌన్సెలర్ దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. నాతో కూడా మాట్లాడలేనివాళ్లు 1097కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మాట్లాడటానికి ఇష్టపడితే మాత్రం రోజు చెప్పమంటాను, ఏ ఊరి ఆసుపత్రో, ఏ బస్సో, నేను పక్కన కూర్చోవాలో రెండు సీట్ల వెనక కూర్చోవాలో చెప్పమంటాను.